తలుపు లేని ఫ్రేము

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద, ఊరు దాటాక, ఒకప్పుడు టమోటా క్రేట్లు పెట్టుకునే రేకుల షెడ్డు ఒకటుంది. నేను అందులో పనికి చేరేనాటికి లోపల ఇద్దరే మనుషులు. ఆ ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి అనుమానం. నేను మూడో మనిషినయ్యాను.

ఒకాయన ఓనరు. మదనపల్లె ఆయనే. బెంగళూరులో సైకిళ్ల డిజైను పని చేసి, సొంతంగా కరెంటు కొండ సైకిలు తయారు చేయాలని వచ్చేశాడు. కొండ సైకిలంటే లావు టైర్లతో, బండల మీద ఎక్కి దూకే రకం. దానికి మోటారూ బ్యాటరీ పైన తగిలిస్తే ఆయనకు నచ్చదు. "మోటారు తగిలించిన సైకిలు ఎవుడైనా చేస్తాడమ్మా. చూసినోడికి ఇది కరెంటుదని తెలియకూడదు" అనేవాడు. మోటారు పెడళ్ల ఇరుసు దగ్గర ఫ్రేము కడుపులో కూర్చోవాలి. బ్యాటరీ హ్యాండిలు కింద నుంచి పెడళ్ల దాకా ఏటవాలుగా దిగే లావు పైపులో దాక్కోవాలి. పైపుకు తలుపు ఉండకూడదు.

ఇంకొకాయన వెల్డరు. కుప్పం మనిషి, యాభై దాటాయి. హోసూరు ఫ్యాక్టరీల్లో చాలా ఏళ్లు అల్యూమినియానికి ఆర్గాన్ వెల్డింగ్ చేశాడు. వారమంతా మదనపల్లెలో ఒక గదిలో ఉండి ఆదివారం ఇంటికి పోయేవాడు. మాట తక్కువ. నేను చేరిన రోజు నా పేరు కూడా అడగలేదు. నేను బల్ల మీద పెట్టిన బ్యాటరీ సెల్లుల పెట్టె వైపు చూసి, "ఇవి యాడ పెడతావమ్మా రాత్రిళ్లు?" అని మాత్రం అడిగాడు.

నాది బ్యాటరీ పని. మా అమ్మానాన్నలది పెద్దపంజాణి దగ్గర పల్లె, ఇద్దరూ కూలికి పోయేవాళ్లు. నేను డిప్లొమా చదివి, స్కూటర్లకు బ్యాటరీలు కట్టే కంపెనీలో పని నేర్చుకున్నాను. పెళ్లయ్యాక పుంగనూరు వచ్చి అక్కడి నుంచి రోజూ బస్సులో షెడ్డుకు వచ్చేదాన్ని. సెల్లులు వరసగా పేర్చి, పట్టీలతో అతికి, పక్కన ఒక చిన్న బోర్డు పెట్టి, మూరెడు పొడవున గుండ్రంగా చుట్టేదాన్ని. తేడా ఏదైనా వస్తే ఆ బోర్డు కరెంటు ఆపేస్తుంది.

వెల్డరు పని నాకంటే కష్టమైంది. మోటారు కూర్చునే గూటి దగ్గర మూడు పైపులు కలుస్తాయి. వేడి తగలగానే అల్యూమినియం ఒక పక్కకు లాగుతుంది. వెంట్రుకవాసి జరిగినా మోటారు బోల్టులు సరిగ్గా దిగవు, బలవంతంగా బిగిస్తే మోటారు ఏడుస్తున్నట్టు మోగుతుంది. అందుకని ఆయన ఇక్కడ కొంచెం అతికి, చల్లారనిచ్చి, అటు పక్క కొంచెం అతికేవాడు. ఓనరు వెనకే నిలబడి ఫోనులో వీడియో తీసుకునేవాడు. "నేర్చుకోని నన్ను పంపిచ్చేదానికి తీస్తాండాడు" అని వెల్డరు నా దగ్గర గొణిగేవాడు. ఓనరేమో నన్ను పక్కకు పిలిచి, "ఆయప్ప కాగితం మీద ఏమన్నా కొలతలు రాసుకోని పోతాండాడేమో చూడు" అనేవాడు. ఇద్దరి మాటా విని తలూపేదాన్ని. నా గురించి వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో అన్న అనుమానం కూడా అప్పుడే పుట్టింది.

మొదటి సైకిలు తయారైంది. పైపుకు తలుపు లేదు కాబట్టి బ్యాటరీని కింద నుంచి, మోటారు పక్క నుంచి పైకి తోయాలి. పైపు పై చివర ఒక ప్లగ్గు ఉంటుంది. బ్యాటరీ కొస వెళ్లి దానిలో కూర్చుంటుంది. తర్వాత కింద ఒక పలక పెట్టి నాలుగు స్క్రూలు బిగించాలి. చూడటానికి నిజంగానే మామూలు సైకిలులా ఉంది. ఓనరు దాని చుట్టూ తిరిగి తిరిగి చూసుకున్నాడు.

తొక్కి చూడాల్సింది ఎవరు? ఓనరుకు మోకాలి నొప్పి. వెల్డరు చేతులు కట్టుకుని, "నేను అతికింది నేను ఎక్కను సార్" అన్నాడు. అది భయమో ఎగతాళో తెలియలేదు. చిన్నప్పుడు పల్లె నుంచి హైస్కూలుకు సైకిలు తొక్కిన కాళ్లు నావి. నేనే ఎక్కాను.

రామసముద్రం వైపు ఒక కొండ ఉంది. ఓనరు సైకిలును కారు వెనక కట్టి తెచ్చేవాడు. ఆయన కింద ఒక కానుగ చెట్టు నీడన కూర్చునేవాడు. నేను జీవాలు నడిచే దారిలో పైకి పోయి దిగి రావాలి. ఎక్కేటప్పుడు ఆ మోటారు సాయం నాకిప్పటికీ గుర్తే. ఎవరో వెనక నుంచి నడుము మీద చెయ్యి వేసి తోస్తున్నట్టు ఉండేది. ఒకటి రెండు సార్లు నిజంగానే వెనక్కి తిరిగి చూశాను.

దిగేటప్పుడు మాత్రం మోటారు ఆగిపోయేది. ఏ చప్పుడూ లేకుండా చచ్చిపోయేది. దిగి, వంగి, స్విచ్చి మళ్లీ నొక్కితే ఏమీ జరగనట్టు పని చేసేది. షెడ్డుకు తెచ్చి బల్ల మీద పరీక్ష పెడితే బ్యాటరీలో ఏ లోపమూ లేదు.

"నీ బ్యాటరీనే" అన్నాడు ఓనరు. "ఎక్కేసరికి వేడెక్కి ఆపేస్తాంది."

"వేడి లేదు సార్, నేను చూసినా. వెల్డింగులో ఎక్కడన్నా గరుకు మిగిలి వైరును నొక్కుతాందేమో."

వెల్డరు ముసుగు పైకెత్తి నా వైపు చూశాడు. "నా పైపు లోపల నున్నగా ఉండాది. చెయ్యి పెట్టి సూసుకో. మోటారు యాడిదో, దాన్ని అడగండి."

మోటారు బయటి నుంచి తెప్పించింది. దాన్ని తెప్పించింది ఓనరు.

నాకు ఒక అనుమానం పట్టుకుంది. ఉదయం నేను వచ్చేసరికి పలక స్క్రూలు నేను బిగించినట్టు ఉండేవి కావు. ఒక స్క్రూ గాడి నేను అడ్డంగా వదిలితే పొద్దున నిలువుగా కనిపించేది. మొదట నా భ్రమ అనుకున్నాను. ఒక సాయంత్రం ఎవరూ చూడకుండా హ్యాండుబ్యాగులోంచి గోళ్ల రంగు తీసి, స్క్రూ తల మీద నుంచి పలక మీదకు సన్నని గీత గీశాను. పొద్దున చూస్తే నాలుగు గీతలూ తెగి ఉన్నాయి.

షెడ్డు తాళం వేసేది వెల్డరే. బ్యాటరీ కొలతలు తీసుకుంటున్నాడా? విప్పి లోపలి బోర్డు ఫోటోలు ఎవరికైనా పంపుతున్నాడా? ఓనరు చెప్పిన మాటలన్నీ ఒక్కసారిగా నిజమనిపించాయి.

ఆ సాయంత్రం బస్సుకని బయల్దేరి, రోడ్డుకు అటు పక్కన టీ అంగట్లో కూర్చున్నాను. వెల్డరు తలుపు దగ్గరగా వేసుకున్నాడు. కాసేపటికి పక్క వాకిలి నుంచి బయటికి వచ్చాడు. చేతుల్లో నా బ్యాటరీ. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, షెడ్డు వెనక్కి నడిచాడు. టీ అలాగే వదిలేసి రోడ్డు దాటాను.

వెనక, గోడకు దూరంగా, పాత సిమెంటు తొట్టి ఉంది. దాన్నిండా ఇసుక. ఆయన బ్యాటరీని ఆ ఇసుకలో పడుకోబెట్టి, పైన రేకు కప్పుతున్నాడు.

"ఏం చేస్తాండావన్నా?"

ఉలిక్కిపడ్డాడు. దొంగ ఉలికిపాటులాగే ఉంది. రేకు మీద నుంచి చెయ్యి తీయలేదు.

"ఇది లోపల ఉంటే నాకు నిద్ర పట్టదమ్మా. మా వీధిలో ఒక స్కూటరు కాలిపాయ. నిలబెట్టిన బండి, ఎవురూ ముట్టుకోలే. నీళ్లు పోస్తే కూడా ఆరలే. ఈడ నా సిలిండర్లు ఉండాయి. షెడ్డు పోతే నా మీదికే వస్తాది, వెల్డింగు నిప్పు పడిందంటారు."

"నాతో చెప్పొచ్చు కదా?"

"చెప్తే నీ పని మీద నమ్మకం లేదని నీకు కోపమొస్తాది. సార్‌కు చెప్తే, దినామూ విప్పేదానికి తలుపు పెట్టమని నేనే అంటాండానని ఆయనకు కోపమొస్తాది. పొద్దన్నే వచ్చి మళ్లా పెట్టేస్తాండాగదా."

ఆయన కళ్లు చూస్తే నిజమే చెబుతున్నట్టుంది. కానీ ఆ క్షణంలో నాకు తట్టింది వేరే. రోజూ తీసి రోజూ పెడుతున్నాడంటే ప్లగ్గు సరిగ్గా కూర్చోవడం లేదన్నమాట. మోటారు ఆగిపోయేది అందుకే. మరుసటి రోజు ఓనరుతో అంతా చెప్పాను.

ఓనరు వెల్డరును నా ముందే అడిగాడు. గట్టిగా అరవలేదు, మెల్లగా అడిగాడు. అది ఇంకా ఘోరంగా ఉంది. "ఎన్నాళ్ల నుంచి తీస్తాండావు? తీసి ఎవరికి చూపించినావు?"

"ఇసకకు చూపించినా" అన్నాడు వెల్డరు. తాళంచెవి బల్ల మీద పెట్టేశాడు. అప్పటి నుంచి షెడ్డు తాళం ఓనరే వేసుకున్నాడు. బ్యాటరీని ఎవరూ ముట్టుకోలేదు.

మళ్లీ రామసముద్రం కొండకు పోయాం. పైకి పోయాను, దిగాను. మోటారు ఆగిపోయింది.

వంగి స్విచ్చి నొక్కుతుంటే పక్కన ఒకామె వచ్చి నిలబడింది. వెనక గొర్రెలు, చేతిలో కొంకి కర్ర. ఆమెను అంతకు ముందు కూడా దూరం నుంచి చూశాను. ఎప్పుడూ పలకరించలేదు, చూస్తూ ఉండేది అంతే.

"ఏమ్మా, నువ్వు భూమి కొలతలోళ్ల మనిషివా?"

"కాదమ్మా. సైకిలు తొక్కను వస్తాండా."

"తొక్కేదానికి మీ ఊర్లో రోడ్లు లేవా? కారేసుకోని వస్తారు. ఆయప్ప సెట్టు కింద కూచుంటాడు. నువ్వు పైకి పోతావు, చప్పుడు రాదు. దిగతా దిగతా ఈ బండ కాడ ఆపుతావు, వంగుతావు, ఏందో చేస్తావు. పోయినసారీ ఈడనే. అంతకు ముందూ ఈడనే. ఏం గుర్తు పెడతాండావు ఈడ? రాళ్లు పాతతాండారా? ఈ బీడు పోతే మా జీవాలు యాడ మేసేది?"

"నేను ఆపలేదమ్మా. అదే ఆగిపోతాంది."

"ఎప్పుడూ ఈడనే ఆగతాదా?" అంది. ఆ గొంతులో నా మాట నమ్మినట్టు రవ్వంత కూడా లేదు. నేను పోయాక ఆమె ఆ చుట్టుపక్కల రాళ్లన్నీ తిరగేసి చూసిందట, మేమేమన్నా పాతిపెట్టామేమోనని.

నేను వెనక్కి తిరిగి చూశాను. పైన నడుమెత్తు బండ. దాని మీద నుంచి సైకిలు దూకి, ముందు చక్రం ధడేల్మని నేలకు తగులుతుంది. ఆ పక్కనే నేను నిలబడి ఉన్నాను. వేడి అనుకుంటూ బల్ల దగ్గర కూర్చుని మేము లెక్కలేసిన రోజులన్నీ, ఆమె గొర్రెలు మేపుతూ నా మీద నిఘా పెట్టింది. మేము సైకిలును అనుమానించాం, ఆమె నన్ను అనుమానించింది, అంతే తేడా.

"అమ్మా, వేరే చోట ఎక్కడన్నా ఆపినానా?"

"లేదు. అదే కదా నేనడిగేది" అంది కోపంగా.

షెడ్డుకు వచ్చాక కుంకుమలో కొబ్బరినూనె కలిపాను. ఓనరు చూసి, "ఏం, పూజ చేస్తాండావా?" అన్నాడు. బ్యాటరీ కింది కొసకు ఆ ఎర్రటి ముద్ద పూసి, పైపులోకి జాగ్రత్తగా తోశాను. బ్యాటరీకీ కింది పలకకూ మధ్య వేలు పట్టేంత సందు ఉండేటట్టు చేసిందే కాబట్టి, అది కదలకపోతే పలకకు కుంకుమ అంటకూడదు. మళ్లీ కొండకు పోయి, బండ మీద నుంచి దూకాను. ఆగిపోయింది. కానుగ చెట్టు కింద పలక విప్పితే, నడి మధ్యలో ఎర్రటి బొట్టు.

దూకిన అదురుకు బ్యాటరీ పైపులో కిందికి జారుతోంది. పైన ప్లగ్గు ఒక్క క్షణం వదిలేస్తోంది. కింది పలకకు కొట్టుకుని ఎగిరి మళ్లీ తగులుకుంటోంది, కానీ ఆ క్షణానికే ఆగిన మోటారు స్విచ్చి నొక్కితే గానీ లేవదు. బల్ల మీద ఎన్నాళ్లు పెట్టినా అది దొరకదు. పాత సైకిలు ట్యూబులు కోసి కింద మెత్త పెట్టాం, ప్లగ్గుకు ఒక కొక్కెం చేశాం. అదే బండ మీద నుంచి మళ్లీ మళ్లీ దూకాను. ఆగలేదు.

వెల్డరు అంతా విన్నాడు. ఓనరు ఆయనతో, "సరే, పోనీలే అప్పా" అన్నాడు. పోనీలే అంటే ఎవరు ఎవరిని క్షమించినట్టో నాకు అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే, రోజూ తీసి పెట్టడం వల్ల ప్లగ్గు కొంత వదులైందేమోనని నాకు ఇప్పటికీ మనసులో ఒక మూల ఉంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. చేతిలో ఉన్న ఫ్రేము పూర్తి చేసి, వెల్డరు తన ముసుగూ చేతి తొడుగులూ సంచిలో వేసుకుని కుప్పం పోయాడు. ఆపమని ఎవరూ అనలేదు.

కొన్ని నెలలకు ఓనరుకు ఎవరో చెప్పారు, కుప్పంలో ఒకాయన కరెంటు కొండ సైకిలు కడుతున్నాడని.

"నువ్వు పోయి చూసిరా. నిన్నయితే లోపలికి రానిస్తాడు" అన్నాడు. "ఫోటోలు తీసుకోనిరా."

వేగు పని అని తెలుసు. పోకపోతే నాక్కూడా అందులో భాగముందని అనుకుంటాడని కూడా తెలుసు. పలమనేరులో బస్సు మారి, బైరెడ్డిపల్లె మీదుగా కుప్పం పోయాను. దారంతా వెల్డరుతో ఏం చెప్పాలో కూర్చుకుంటూనే ఉన్నాను. బంధువుల పెళ్లికి వచ్చానని చెబుదామనుకున్నాను.

ఇంటి పక్కనే చిన్న రేకుల కొట్టం. ఆయన నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "రామ్మా. ఫోను ఆ గూట్లో పెట్టేసి రా" అన్నాడు.

పెళ్లి కథ నా నోట్లోనే ఉండిపోయింది. ఫోను గూట్లో పెట్టి లోపలికి పోయాను.

ఫ్రేము కదలకుండా ఇనప పట్టకాల మధ్య బిగించి ఉంది. లావు పైపు పక్కన, మూరెడుకు పైన పొడవున, తలుపు. కోసిన అంచు చుట్టూ ఇంకో పట్టీ వేసి అతికాడు, బలం తగ్గకుండా. గొళ్ళెం తిప్పితే తలుపు తెరుచుకుంటుంది, బ్యాటరీ చేతిలోకి వస్తుంది.

"అందం పోయిందంటాడు మీ సార్" అన్నాడు. "పోనీ. పొగ వస్తే పీకి పారేసేదానికి వీలుండాల గదా."

నేను వంగి మోటారు గూడు చూశాను. అచ్చం మాదే. అదే వంపు, అవే బోల్టు కన్నాలు. ఆయన నా చూపు పట్టుకున్నాడు.

"అదే మోటారు తెచ్చినా. అదే మోటారుకు గూడు వేరే మాదిరి ఎట్లుంటాది?"

అది నిజమే. ఏ మోటారు కొన్నా దాని గూడు దాని ఆకారంలోనే చేయాలి. కానీ పైపులు ఆ గూటి దగ్గర కలిసే ఏటవాలు? అది కూడా మాదిలాగే అనిపించింది. కళ్లతో కొలవలేం. అడగలేదు. ఆయన భార్య సంగటి, చెనక్కాయల చట్నీ పెట్టింది. తినేటప్పుడు ఆమె ఒకసారి గూట్లో నా ఫోను వైపు చూసింది, ఇంకోసారి నా వైపు.

మదనపల్లెకు వచ్చి ఓనరుతో ఉన్నదున్నట్టు చెప్పాను. తలుపు ఉంది, గూడు మోటారును బట్టే ఉంది, ఏటవాలు సంగతి తెలియదు అని.

"ఫోటోలేవి?"

"ఫోను బయట పెట్టమన్నాడు సార్."

"పెట్టేసినావా?" అని కంప్యూటరు మూశాడు. మరుసటి రోజుకు డ్రాయింగులకు కొత్త పాస్‌వర్డు వచ్చింది. అది నాకు చెప్పలేదు.

అయినా ఆ తర్వాత చేసిన ఫ్రేముకు ఓనరు తలుపు పెట్టించాడు. కొనడానికి వచ్చినవాళ్లు, బ్యాటరీ ఇంట్లోకి తీసుకుపోయి ఛార్జి చేసుకోవడం ఎట్లా అని అడిగారట. కొత్త ఫ్రేము ఫోటో బయటికి వచ్చిన వారంలో నాకు కుప్పం నుంచి ఫోను వచ్చింది.

"మా తలుపు మీ సైకిలుకు ఎట్లొచ్చిందమ్మా?"

"కొనేవాళ్లు అడిగినారంటన్నా."

"నువ్వు ఫోను గూట్లో పెట్టినావు. కండ్లు పెట్టలేదు గదా."

నవ్వుతున్నాడో లేదో తెలియలేదు. నేను నోటితో చెప్పిన తలుపుకూ కొనేవాళ్లు అడిగిన తలుపుకూ ఎంత దూరమో నాకే తెలియదు.

కుప్పం ఆయన పోయాక చేరిన కొత్త వెల్డరు అతికిన గూళ్లు వంకరపోయాయి. మోటార్లు ఏడ్చాయి. ఓనరు చాలా రోజులు ఓర్చుకుని, చివరికి నన్నే అడిగాడు, కుప్పం ఆయన చేస్తాడేమో కనుక్కోమని. ఆయన ఒప్పుకున్నాడు కానీ షెడ్డులో అడుగు పెట్టనన్నాడు. పైపులు కుప్పం వస్తే అతికి పంపుతాడు, ఎవరి ఫ్రేము వారికే, కొలతలు ఎవరూ అడగకూడదు. ఓనరు దానికి సరేనన్నాడు. సరేనని, పంపే ప్రతి పైపు మీదా తనకే తెలిసే చోట చిన్న గుర్తు గీసి పంపుతాడు. వెల్డరు కూడా తిరిగి పంపేటప్పుడు ఏదో గీస్తాడని నా అనుమానం. పైపులనూ ఫ్రేములనూ ఇద్దరూ నన్ను మాత్రం మోసుకుపోనిస్తున్నారు. ఇద్దరికీ సమంగా అనుమానం ఉన్న మనిషిని నేనే కాబట్టి కావచ్చు.

మొన్న కుప్పం నుంచి ఒక ఫ్రేము తెస్తున్నాను. గోనెపట్ట చుట్టి ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాను. బైరెడ్డిపల్లె దాటాక కండక్టరు వచ్చి నిలబడ్డాడు.

"ఏముండాదమ్మా లోపల?"

"సైకిలు ఫ్రేము."

"పైపు అంత లావు యాల?"

"బ్యాటరీ పెట్టేదానికి. ఇప్పుడు ఖాళీ."

ఆయన గోనెపట్ట కొంచెం పక్కకు జరిపి, పైపు మీద వేలి కణుపుతో కొట్టి, వంగి చెవి పెట్టి విన్నాడు. మళ్లీ ఇంకో చోట కొట్టి విన్నాడు. ముందు సీటులోని ఇద్దరు వెనక్కి తిరిగారు. నేను గొళ్ళెం తిప్పి తలుపు తెరిచి చూపించాను. ఆయన లోపలికి తొంగి చూసి, ఏమీ లేకపోవడం కూడా పూర్తిగా నమ్మనట్టు తల ఆడించి, ఫ్రేముకు లగేజీ టికెట్టు కొట్టి ఇచ్చాడు.